పాల బండి గేరు గట్టిగా పడుతోందా? గేర్‌బాక్స్ విప్పేముందు ఇవి చూడండి



పశువుల మేత, దాణా, టీకాలు, వెన్నశాతం గూర్చి మనం ఈ పుటలలో తరచుగా ముచ్చటించుకొంటూ ఉంటాము. ఈ పర్యాయం పశువును వదలి బండిని గూర్చి రాస్తున్నాము. పాడికి, బండికి ఏమి సంబంధమని కొందరు అనుకోవచ్చు. పితికిన పాలకు, చల్లబరచే కేంద్రానికి మధ్య ఉన్నది ఆ బండే. అది దారిలో ఆగితే తెల్లవారుజామున లేచి పితికిన కష్టమంతా క్యాన్లలోనే పులిసిపోతుంది.

పాలను 4 డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లబరిస్తే సూక్ష్మజీవుల పెరుగుదల బాగా తగ్గుతుంది. చల్లబరచక ముందు, పొదుగు నుంచి వచ్చిన వెచ్చదనంలో, కొన్ని రకాల సూక్ష్మజీవులు 20, 30 నిమిషాలకు ఒకసారి రెట్టింపు కాగలవు. ఎండాకాలంలో బండి గంటన్నర ఆలస్యమైతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. కేంద్రంలో పాలు మరిగించి చూసే పరీక్షలో విరిగాయంటే ఆ క్యాను వెనక్కి వస్తుంది. నష్టం డ్రైవరుది కాదు, మెకానిక్‌ది కాదు. పాలు పోసిన సభ్యులది.

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాలలో ఈ విషయం మరీ ముఖ్యం. ఊళ్ళలో పోసిన పాలు ముందుగా మట్టి దారుల మీదుగా, ఆ తరువాత బీజాపూర్ రోడ్డు మీదుగా కదలాలి. అప్పా కూడలి నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ వైపు సాగే ఈ రోడ్డు మర్రిచెట్లకు ఎంత పేరుపొందిందో, రద్దీకి కూడా అంత పేరుపొందింది. ప్రతి ఊరి దగ్గర వేగనిరోధకాలు, కూరగాయల బండ్లు, బస్సులు. డ్రైవరు నిమిషానికి ఎన్నిసార్లు క్లచ్ నొక్కి గేరు మారుస్తాడో లెక్క ఉండదు. 40 లీటర్ల క్యాన్లు 25 ఎక్కితే వెయ్యి లీటర్ల పాలు. పాల బరువే సుమారు 1,030 కిలోలు, క్యాన్ల బరువు అదనం. ఇంత బరువుతో, ఇన్నిసార్లు ఆగి కదిలే బండిలో మొదట అలిసిపోయేవి క్లచ్, గేర్లు.

పాత బండ్లలో తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటే. ‘గేరు గట్టిగా ఉంది, పడడం లేదు.’ ఈ మాట వినగానే చాలాచోట్ల జరిగేది కూడా ఒకటే. బండిని షెడ్డుకు తోలడం, గేర్‌బాక్స్ దింపడం. బాక్స్ దింపి, విప్పి, బిగించి, బండి మళ్ళీ రోడ్డెక్కేసరికి రోజులు గడుస్తాయి. అన్నాళ్ళూ అద్దె బండి. తీరా చూస్తే కొన్నిసార్లు దోషం గేర్‌బాక్స్‌లోనే ఉండదు. సాగిన క్లచ్ కేబులో, అరిగిన ఒక బుష్షో, తగ్గిపోయిన ఆయిలో కారణమై ఉంటుంది. అందువలన మేము ఈ వ్యాసంలో చెప్పదలచినది ఒకటే. పానా పట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు మాత్రమే గట్టిగా ఉందా, ఆపినా గట్టిగానే ఉందా? అన్ని గేర్లూ గట్టిగా ఉన్నాయా, ఒక్కటేనా? బండి చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కిన తరువాతా? ఈ మూడింటికి జవాబు దొరికితే దోషం ఎక్కడుందో చాలావరకు బయటపడుతుంది.

గేరు మారేటప్పుడు లోపల ఏమి జరుగుతుంది?

ఇంజన్ తిరిగే వేగం వేరు, చక్రాలు తిరిగే వేగం వేరు. ఈ రెండింటిని కలిపేది గేర్‌బాక్స్. వాటి మధ్య తలుపులాంటిది క్లచ్. పెడల్ నొక్కితే తలుపు తెరుచుకొని ఇంజన్ బలం గేర్‌బాక్స్‌కు అందకుండా ఆగుతుంది. ఆ క్షణంలో గేరు మారాలి. తలుపు పూర్తిగా తెరుచుకోకపోతే ఇంజన్ ఇంకా లోపలి షాఫ్టును తిప్పుతూనే ఉంటుంది. తిరుగుతున్న పళ్ళలోకి వేరే పళ్ళు దూరవు. అప్పుడే కరకరమని శబ్దం వస్తుంది, గేర్ రాడ్ చేతిని వెనక్కి తోస్తుంది.

వెనుకటి లారీలలో గేరు మార్చడం ఒక విద్య. డ్రైవరు క్లచ్‌ను రెండుసార్లు నొక్కి, వేగాలను తానే సరిపోల్చి గేరు వేయవలసి వచ్చేది. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ అనే ఏర్పాటు వచ్చింది. గేరుకు ముందు ఒక రింగు ఉండి, అది రాపిడితో రెండు వేగాలను సమానం చేసిన తరువాతే పళ్ళు కలుస్తాయి. ఈ రింగులను చాలా బండ్లలో ఇత్తడి వంటి మెత్తని లోహంతో చేస్తారు. 1980లలో జపాను కంపెనీల సహకారంతో మన దేశంలో చిన్న లారీలు వచ్చాయి. జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్, మరికొన్నిచోట్ల తయారైన స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, డి.సి.ఎం. టయోటా అలాంటివే. టాటావారి 407 కూడా 1986లోనే వచ్చింది. ఆ తరువాత 2005లో టాటా ఏస్ వచ్చింది. బండి పేరు ఏదైనా క్లచ్, రాడ్లు, రింగులు, ఆయిలు అన్న నాలుగు సంగతులు అన్నింటికీ ఒకటే.

మొదటి పరీక్ష: ఇంజన్ ఆపి చూడండి

దీనికి పైసా ఖర్చు లేదు. బండిని చదునైన చోట నిలపాలి. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు పెట్టాలి. ఇంజన్ ఆపి, క్లచ్ పూర్తిగా నొక్కి ఒక్కొక్క గేరు వేసి చూడాలి. ఒక్కోసారి పళ్ళు ఎదురెదురుగా నిలిచి గేరు పడకపోవచ్చు. అది దోషం కాదు. రాళ్ళు తీసి బండిని ఒక జానెడు కదిపి, మళ్ళీ రాళ్ళు పెట్టి చూడాలి.

ఇంజన్ ఆపినప్పుడు గేర్లన్నీ సులువుగా పడి, ఇంజన్ నడుస్తుండగా గట్టిగా ఉంటే దోషం దాదాపుగా క్లచ్‌దే. గేర్‌బాక్స్ విప్పవలసిన పని లేదు. ఇంజన్ ఆపినా అంతే గట్టిగా ఉంటే దోషం రాడ్లలోనో, ఆయిలులోనో, బాక్స్ లోపలో ఉంది.

క్లచ్ పైన అనుమానం వస్తే రెండో పరీక్ష చేయాలి. ఇంజన్ నిదానంగా నడుస్తుండగా, న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ పూర్తిగా నొక్కి అయిదారు అంకెలు లెక్కపెట్టి, అప్పుడు రివర్స్ వేయాలి. చాలా బండ్లలో రివర్స్‌కు సింక్రోమెష్ ఉండదు. క్లచ్ సరిగా విడిస్తే ఈలోగా లోపలి షాఫ్టు ఆగిపోయి రివర్స్ నిశ్శబ్దంగా పడుతుంది. అంతసేపు ఆగినా కరకరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. ఈ పరీక్ష చేసేటప్పుడు బండి ముందు గాని, వెనుక గాని మనుషులు, పిల్లలు, పశువులు ఉండరాదు.

క్లచ్ విడవకపోతే

క్లచ్ జారడం వేరు, విడవకపోవడం వేరు. ఈ రెండింటిని కలిపి ‘క్లచ్ పోయింది’ అంటుంటారు. జారుతుంటే ఇంజన్ అరుస్తుంది గాని బండి ముందుకు లాగదు, ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తుంది. విడవకపోతే బండి బాగానే లాగుతుంది గాని గేరు పడదు. ఒకదాని మందు మరొకదానికి విషం. పెడల్‌లో ఆట మరీ తక్కువైతే క్లచ్ జారుతుంది. మరీ ఎక్కువైతే విడవదు. కాబట్టి ఏది జరుగుతున్నదో తేల్చుకోకుండా నట్టు తిప్పరాదు.

ఆట అంటే పెడల్‌ను వేలితో నొక్కితే బరువు తగలక ముందు అది కదిలే దూరం. కేబులు ఉన్న పాత బండ్లలో చాలావాటికి ఇది 15 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. సరియైన కొలత బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, దానినే పాటించాలి. కేబులు ఏళ్ళ తరబడి లాగి లాగి సాగుతుంది. లోపలి పోగులు ఒక్కొక్కటే తెగుతుంటాయి. పెడల్ రోజురోజుకూ గట్టిపడుతున్నా, నొక్కినప్పుడు గరగరలాడుతున్నా కేబులు తెగడానికి సిద్ధంగా ఉందని గ్రహించాలి. తెగేదాకా ఉంచితే అది తప్పకుండా పాలు నిండుగా ఉన్న రోజే తెగుతుంది!

కేబులుకు బదులు ఆయిలుతో పనిచేసే క్లచ్ ఉంటే ముందుగా చిన్న డబ్బాలో ఆయిలు మట్టం చూడాలి. తగ్గితే ఎక్కడో కారుతున్నదన్నమాట. పెడల్ దగ్గరి పెద్ద సిలిండరు, గేర్‌బాక్స్ పక్కనున్న చిన్న సిలిండరు, వాటి మధ్య గొట్టం తడిగా ఉన్నాయేమో చూడాలి. పెడల్‌ను నాలుగైదు సార్లు వెంటవెంటనే నొక్కితే గేరు పడి, కాసేపటికి మళ్ళీ మొరాయిస్తే గొట్టంలో గాలి చేరిందనో, సిలిండరు లోపలి రబ్బరు వాషర్లు పోయాయనో అనుకోవాలి. గాలి తీయించి, వాషర్లు మార్పిస్తే సరిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ డబ్బాలో పోయవలసినది పుస్తకంలో చెప్పిన బ్రేక్ ఆయిలు మాత్రమే. చేతికందిన ఇంజన్ ఆయిలు పోస్తే రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. అందువలన మూత తెరిచి ఉంచరాదు, ఏళ్ళ తరబడి నిలవ ఉన్న సీసాలోది వాడరాదు.

కేబులు, సిలిండర్లు బాగున్నా క్లచ్ విడవకపోతే అప్పుడు లోపల చూడవలసి ఉంటుంది. క్లచ్ ప్లేటు వంగిపోయి ఉండవచ్చు. ప్లేటు జరిగే గాడులు తుప్పుపట్టి ఉండవచ్చు. షాఫ్టు కొసను మోసే చిన్న బేరింగు బిగుసుకుపోయి ఉండవచ్చు. వానాకాలంలో కొన్నాళ్ళు కదలకుండా నిలిచిన బండిలో ప్లేటు అంటుకొనిపోవడం కూడా ఉన్నది. దీనికి బాక్స్ దింపవలసిందే గాని, బాక్స్ లోపల విప్పనక్కరలేదు. ఆ రెండు పనులకు ఖర్చులో చాలా తేడా ఉన్నది. బిల్లులో ఏ పనికి ఎంత అన్నది విడివిడిగా రాయించుకోవాలి.

ఇంజన్ ఆపినా గట్టిగా ఉంటే

అప్పుడు చూపు గేర్ రాడ్ నుంచి బాక్స్ వరకు సాగాలి. చాలా బండ్లలో డ్రైవరు చేతిలోని రాడ్‌కు, బాక్స్‌కు మధ్య పొడవాటి కడ్డీలో, కేబుళ్ళో ఉంటాయి. ప్రతి కీలు దగ్గర ఒక బుష్ ఉంటుంది. మన దారుల దుమ్ము, వానాకాలపు నల్లరేగడి బురద ఈ కీళ్ళలో చేరి గట్టిపడుతుంది. పాల బండిని రోజూ కడుగుతాము, మంచిదే. అయితే నీటి ధార అడుగున బలంగా తగిలితే కీళ్ళలోని గ్రీజు కొట్టుకొనిపోతుంది. కడిగినంత శ్రద్ధగా గ్రీజు పెట్టకపోతే శుభ్రతే దోషానికి దారి తీస్తుంది.

పరీక్ష సులువు. అడుగున బాక్స్ దగ్గర కడ్డీని విడదీయించి, రెండింటిని విడివిడిగా కదిపి చూడాలి. కడ్డీ విడదీసినా గేర్ రాడ్ గట్టిగానే ఉంటే దోషం కీళ్ళది, బుష్‌లది. కడ్డీ తేలికగా ఆడుతూ బాక్స్ మీది చెయ్యి మాత్రం గట్టిగా ఉంటే దోషం లోపలిది. రాడ్ గట్టిగా లేకుండా వదులుగా ఊగుతూ, గేరు ఎక్కడుందో తెలియకుండా ఉంటే బుష్‌లు అరిగినట్లు. ఇంజన్‌ను, గేర్‌బాక్స్‌ను మోసే రబ్బరు దిమ్మలు విరిగినా కడ్డీల వరుస తప్పి గేరు సరిగా పడదు. బండి కుదిపినప్పుడు గేరు ఊడి న్యూట్రల్‌కు వస్తుంది. దిమ్మలను చూడడానికి బాక్స్ దింపనక్కరలేదు.

ఆయిలు చెప్పే సాక్ష్యం

డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజాముల్లో మొదటి రెండు మూడు కిలోమీటర్లు గేరు గట్టిగా ఉండి, తరువాత సర్దుకొంటే అది చలికి చిక్కబడిన ఆయిలు. దానికి భయపడనక్కరలేదు. అయితే పాత ఆయిలు అయినా, తప్పు రకం ఆయిలు అయినా కావచ్చు, రకం సరిచూసుకోవాలి. అలా కాక, బండి వేడెక్కేకొద్దీ గేరు గట్టిపడుతుంటే క్లచ్ వైపు చూడాలి.

గేరాయిలు అంటే అన్నీ ఒకటి కావు. అంకె ఒక్కటే చూసి కొనరాదు. చిక్కదనపు అంకె ఒకటే అయినా, జి.ఎల్. 4, జి.ఎల్. 5 అని తరగతులు ఉన్నాయి. వెనుక ఇరుసు డిఫరెన్షియల్‌కు అనువైన జి.ఎల్. 5 రకాలలోని కొన్ని రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులకు పడకపోవచ్చు. ‘బలమైన ఆయిలు’ అని చెప్పి అదే డబ్బాలోది రెండుచోట్లా పోస్తే గేరు మార్పిడి చెడవచ్చు. పుస్తకం ఏది చెబితే అదే పోయాలి.

ఆయిలు దించేటప్పుడు దానిని పారబోయకుండా శుభ్రమైన పళ్ళెంలో పట్టి చూడాలి. దించే బోల్టుకు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు మెత్తని పూత కనబడుతుంది. అది మామూలు అరుగుదల. ఆయిలులో పసుపుపచ్చగా మెరిసే పొడి ఎక్కువగా ఉంటే అది ఇత్తడి రింగుల అరుగుదల. ఉక్కు ముక్కలు, పెళ్ళలు చేతికి తగిలితే గేరు పన్నో, బేరింగో విరిగినట్లు. ఇక బండి నడపరాదు.

మరొక గుర్తు మన పాడివారికి చప్పున తెలుస్తుంది. ఆయిలు పాలలాగా తెల్లగా, నురగగా ఉంటే అందులో నీరు కలిసిందన్నమాట. పాలలో నీరు కలిస్తే లాక్టోమీటరు పట్టిస్తుంది, ఆయిలులో నీరు కలిస్తే కన్నే పట్టిస్తుంది! మూసీ, ఈసీ వాగుల పరీవాహకంలో వానాకాలంలో దారుల మీద నీరు పారడం మామూలే. వేడిగా ఉన్న గేర్‌బాక్స్ ఒక్కసారిగా నీటిలో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకొని, గాలి వదిలే చిన్న రంధ్రం గుండా నీటిని లోపలికి పీల్చుకొంటుంది. అలా వాగు దాటిన బండికి ఆయిలు తప్పక చూడాలి, తెల్లబడితే మార్చాలి. ఇక పారే నీరు రోడ్డును కప్పినప్పుడు అసలు దాటే ప్రయత్నమే చేయరాదు. పాల కంటె ప్రాణం ముఖ్యం.

ఒక్క గేరే మొరాయిస్తే

క్లచ్‌లో దోషముంటే అది గేర్లన్నింటి మీదా కనబడుతుంది. మొదటి గేరులో, రివర్స్‌లో మరీ ఎక్కువగా. అలా కాక మిగిలినవన్నీ మెత్తగా పడుతూ రెండో గేరు ఒక్కటే కరకరమంటే అది ఆ గేరు సింక్రో రింగు అరుగుదల కావచ్చు. ఊరూరా ఆగి కదిలే బండిలో రెండో గేరు వాడకం ఎక్కువ కనుక అది ముందుగా అరగడం సహజం.

రూఢి చేసుకోవడానికి పాత లారీ డ్రైవర్ల పద్ధతి పనికివస్తుంది. క్లచ్ నొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదలాలి. పై గేరు నుంచి కింది గేరుకు వస్తుంటే యాక్సిలరేటరు కొంచెం నొక్కి వదలాలి. మళ్ళీ క్లచ్ నొక్కి గేరు వేయాలి. ఇలా చేస్తే మెత్తగా పడి, మామూలుగా వేస్తే కరకరమంటే రింగు అరిగినట్లే. ఇప్పుడు మాత్రం గేర్‌బాక్స్ విప్పవలసిందే. అయితే ఆ రోజే కాదు. ఈ పద్ధతిలో జాగ్రత్తగా నడుపుతూ పాలు చేర్చి, అద్దె బండి ఏర్పాటు చేసుకొని, తీరిగ్గా పని పెట్టుకోవచ్చు.

క్లచ్ పెడల్ లేని బండి అయితే

సభ్యుల ఇళ్ళలో ఇప్పుడు పాత కార్లు కూడా ఉంటున్నాయి. వాటిలో కొన్నింటికి క్లచ్ పెడల్ ఉండదు, గేర్లు వాటంతట అవే మారుతాయి. జనరల్ మోటార్స్ వారు 1939లో హైడ్రామాటిక్ అనే ఏర్పాటును అమ్మకానికి తెచ్చిన తరువాత ఈ పద్ధతి లోకమంతటా వ్యాపించింది. ఇలాంటి బండిలో ‘గేరు గట్టిగా పడుతోంది’ అంటే రాడ్ బిగుసుకొన్నదని కాదు. గేరు మారినప్పుడల్లా వెనుక నుంచి ఎవరో తన్నినట్లు కుదుపు వస్తున్నదని అర్థం.

ఇక్కడ కూడా ప్రశ్నలు అవే. అన్ని గేర్లకూ కుదుపా, ఒక్కదానికేనా? చల్లగానా, వేడిగానా? ముందుగా ఆయిలు. ఈ బాక్స్‌లో ఆయిలు జారుడుకే కాదు, దాని ఒత్తిడితోనే గేర్లు మారుతాయి. కొలిచే కర్ర ఉంటే పుస్తకంలో చెప్పిన విధంగా మట్టం చూడాలి. చాలావాటికి ఇంజన్ నడుస్తూ, వేడిగా ఉన్నప్పుడే చూడాలి. కొత్త ఆయిలు ఎక్కువ రకాల్లో ఎర్రగా ఉంటుంది. నల్లబడి, మాడిన వాసన వస్తే లోపలి ప్లేట్లు కాలుతున్నాయన్నమాట. మట్టం తగ్గితే గేరు కాసేపు జారి, ఆ తరువాత ఒక్కసారిగా పట్టుకొంటుంది.

ఆయిలు బాగుండి అన్ని గేర్లకూ కుదుపు వస్తుంటే లోపలి ఒత్తిడి అవసరానికి మించి ఉన్నదని అనుమానించాలి. మరీ పాత బండ్లలో యాక్సిలరేటరు నుంచి బాక్స్‌కు వెళ్ళే కేబులు తప్పుగా బిగించినా, ఇంజన్ పీల్పును బాక్స్‌కు అందించే సన్నని రబ్బరు గొట్టం పగిలినా ఇలా జరుగుతుంది. రబ్బరు గొట్టం ఖరీదెంత, బాక్స్ ఖరీదెంత? నిలిచిన బండిని న్యూట్రల్ నుంచి ముందు గేరుకు తెచ్చినప్పుడు మాత్రమే కుదిపితే ఇంజన్ ఐడిలింగ్ వేగం ఎక్కువగా ఉన్నదేమో, రబ్బరు దిమ్మలు విరిగాయేమో చూడాలి. ఒకే ఒక్క గేరు మార్పులో కుదుపు వస్తుంటే అప్పుడు లోపలి భాగాల వంతు. కంప్యూటరు ఉన్న బండ్లలో మెకానిక్ ముందుగా దాని జ్ఞాపకంలో నమోదైన దోషాలను చదివించాలి. ఆ పని చేయకుండా బాక్స్ మార్చాలనేవారి మాట తొందరపడి నమ్మరాదు.

2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో వ్యాపించిన ఎ.ఎం.టి. రకం వేరు. అది మామూలు గేర్‌బాక్సే. క్లచ్ నొక్కే పని, గేరు వేసే పని యంత్రం చేస్తుంది. అందులో క్లచ్ ప్లేటు ఉంటుంది, అరుగుతుంది కూడా. పెడల్ లేదు కనుక క్లచ్ లేదనుకోరాదు. ఇక ఆటోమేటిక్ బండి దారిలో ఆగిపోతే, ఇంజన్ బలం అందుకొనే చక్రాలు నేల మీద దొర్లేటట్లు తాడు కట్టి లాగించరాదు; అలా లాగితే బాక్స్ లోపల ఆయిలు అందక పాడవుతుంది.

డ్రైవరు చేతిలో ఉన్నది

క్లచ్ మీద కాలు పెట్టి ఉంచడం చాలామందికి అలవాటు. ఆ కొద్ది బరువుకే రిలీజ్ బేరింగు తిరుగుతూ అరుగుతుంది, ప్లేటు సగం జారుతూ వేడెక్కుతుంది. ఎత్తులో బండిని బ్రేకుతో ఆపాలి గాని సగం క్లచ్‌తో నిలపరాదు. ప్రయాణమంతా గేర్ రాడ్ మీద చెయ్యి ఆనించి ఉంచితే లోపలి ఫోర్కులు అరుగుతాయి. బండి పూర్తిగా ఆగకుండా రివర్స్ వేయరాదు. ఈ నాలుగు అలవాట్లు మార్చుకొంటే బండి ఆయుష్షు పెరుగుతుంది.

గేరు పడకపోతే బలంగా గుద్ది వేసేవారూ ఉన్నారు. అలా వేస్తే ఇత్తడి రింగు నలుగుతుంది, ఫోర్కు వంగుతుంది. క్లచ్‌లో ఉన్న చిన్న దోషం గేర్‌బాక్స్‌కు పాకేది ఇలాగే. అయితే డ్రైవరును దోషిగా నిలబెట్టడం కూడా సరికాదు. బండి గట్టిపడుతున్నదని ముందుగా తెలిసేది అతని చేతికే. చెబితే తిట్లు తప్పవనుకొంటే అతను చెప్పడు; బండి ఆగిన రోజునే మనకు తెలుస్తుంది. గట్టిగా ఉందని మొదటి రోజే చెప్పిన డ్రైవరును మెచ్చుకోవాలి.

సంఘాలు చేయవలసినది

సొంత బండి ఉన్న సంఘాలు, బండి కిరాయికి పెట్టుకొన్న సంఘాలు ఒక చిన్న పుస్తకం పెట్టుకోవడం మంచిది. అందులో తేదీ, కిలోమీటర్లు, ఆయిలు మార్చిన రోజు, పోసిన ఆయిలు రకం, క్లచ్ పనులు రాయాలి. గేరు గట్టిగా ఉన్నదని ఫిర్యాదు వస్తే ఈ కింది సంగతులు రాసి డ్రైవరు, కార్యదర్శి సంతకం పెట్టాలి.

ఇంజన్ ఆపి వేస్తే గేర్లు సులువుగా పడ్డాయా?
క్లచ్ నొక్కి ఆగిన తరువాత రివర్స్ నిశ్శబ్దంగా పడిందా?
పెడల్ ఆట, ఆయిలు మట్టం చూశారా?
గట్టిగా ఉన్నది అన్ని గేర్లా, ఒక్కటా? ఏది?
చల్లగానా, వేడెక్కిన తరువాతా?
కీళ్ళకు గ్రీజు పెట్టారా, బుష్‌లు, రబ్బరు దిమ్మలు చూశారా?
గేరాయిలు ఏ రంగులో ఉన్నది?

ఈ కాగితం లేనిదే గేర్‌బాక్స్ విప్పే ఖర్చును మంజూరు చేయబోమని పాలకవర్గం తీర్మానం చేసుకొంటే సంఘం సొమ్ము చాలావరకు మిగులుతుంది. ఇది మెకానిక్ మీద అపనమ్మకం కాదు. పశువైద్యుని దగ్గరకు పోయినప్పుడు పశువు ఎప్పటి నుంచి మేత మానింది, నెమరు వేస్తున్నదా, పేడ ఎలా ఉన్నది అని చెబుతాము కదా. అలా చెబితేనే ఆయన సరియైన మందు ఇవ్వగలడు. మంచి మెకానిక్ కూడా ఇలాంటి కాగితం చూస్తే సంతోషిస్తాడు.

నెలకు ఒకసారి కేబులు, ఆయిలు మట్టం, కీళ్ళు చూడడానికి అరగంట చాలు. ఉదయం పాలు దించి బండి తిరిగి వచ్చిన తరువాత, సాయంత్రం పాలకు పోయేలోగా ఆ పని చేసుకోవచ్చు. వానాకాలం మొదలయ్యేముందు ఒకసారి, ముగిసిన తరువాత ఒకసారి గేరాయిలును తప్పక చూడాలి. సభ్య సంఘాలవారు ఈ విషయాలను తమ తదుపరి సమావేశంలో చదివి వినిపించి, బండి నడిపేవారికి ఈ ప్రతిని అందజేయవలసిందిగా కోరుతున్నాము.